తుఫాను కాలంలో పడవ మీద కాపురం ఉండొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: 38 అడుగుల తెరచాప పడవ మీద మీరిద్దరూ ఏడాదిగా ఉంటున్నారు, తూర్పు కరీబియన్ దీవుల మధ్య తిరుగుతున్నారు. జూన్ నుంచి నవంబర్ దాకా కూడా పడవ వదలకుండా అక్కడే ఉండాలని ఉంది. హరికేన్ (అట్లాంటిక్‌లో వచ్చే పెద్ద తుఫాను) వస్తే నాలుగువైపులా మూసుకుని ఉన్న ఏదో అఖాతంలో పెద్ద లంగరు వేసి, పడవలోనే కూర్చుంటే గట్టెక్కవచ్చా, దానికి ఎంత లంగరు, ఎంత గొలుసు కావాలి అని అడిగారు.

నేనూ మా ఆవిడా ఇలాంటి పడవ మీదే తొమ్మిది తుఫాను కాలాలు గడిపాం. తుఫాను కాలమంతా పడవ మీద ఉండొచ్చు. తుఫాను వచ్చిన రోజు మాత్రం ఉండకూడదు. ఈ రెండూ వేరువేరు విషయాలు. చాలామంది వీటిని కలిపేసుకుని, ఆరు నెలలు బతకడానికి చేసుకోవాల్సిన ఏర్పాట్లు పక్కన పెట్టి, ఆ ఒక్క రాత్రికి ఎన్ని కిలోల లంగరు కావాలా అని లెక్కలు వేస్తుంటారు. మొదట్లో మేమూ అదే చేశాం.

జూన్ 1న మీ పడవ ఏ అక్షాంశం మీద ఉందన్నది అన్నిటికంటే పెద్ద నిర్ణయం. అట్లాంటిక్‌లో హరికేన్ కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. ఉధృతమంతా ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా ఉంటుంది, సెప్టెంబర్ 10 ప్రాంతంలో పతాక స్థాయికి చేరుతుంది. మున్ముందు వేరే సముద్రాలకు వెళ్తారేమో కాబట్టి వాటి సంగతీ చెప్తాను. తూర్పు పసిఫిక్‌లో మే 15కే మొదలవుతుంది. దక్షిణ పసిఫిక్‌లో నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. ఉత్తర హిందూ మహాసముద్రంలో నైరుతి రుతుపవనాలకు ముందొకసారి, వెనకొకసారి. వాయవ్య పసిఫిక్‌లో ఏ నెలలోనైనా రావచ్చు. వీటన్నిటి మధ్య కాస్త నిశ్చింతగా ఉండేది భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉన్న పట్టీ. భూభ్రమణం వల్ల గాలికి వచ్చే మెలి అక్కడ చాలదు కాబట్టి 5 డిగ్రీల లోపల తుఫాను పుట్టడం బహు అరుదు. అరుదే గానీ లేకపోలేదు: 2001 డిసెంబర్‌లో వామేయ్ అనే టైఫూన్ సింగపూర్ దగ్గర, దాదాపు ఒకటిన్నర డిగ్రీల మీదే ఏర్పడింది.

మీరున్న చోటి నుంచి ఆలోచిస్తే ట్రినిడాడ్, కురసావ్, పనామా కరీబియన్ తీరం దగ్గరి దారులు. గ్వాటెమాలాలోని రియో దుల్సే అక్షాంశం ఎక్కువే గానీ నది వెంట బాగా లోపలికి పోవచ్చు. గ్రెనడాను చాలామంది సురక్షితమనే లెక్కలో వేసుకుంటారు. ఇక్కడ నాకు కొంచెం భయం. 1955లో జానెట్ అనే హరికేన్ తర్వాత 49 ఏళ్ళపాటు గ్రెనడాకు అంత పెద్ద దెబ్బ తగల్లేదు. ఆ నమ్మకంతోనే పడవలన్నీ అక్కడ చేరాయి. 2004 సెప్టెంబర్ 7న ఐవాన్ ఆ దీవికి దక్షిణాన ఆనుకునే పోతూ దాన్ని చితక్కొట్టింది. బోట్ యార్డుల్లో ఒడ్డెక్కించి నిలబెట్టిన పడవలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. మళ్ళీ 2024లో, జులై 1నే, బెరిల్ 4వ కేటగిరీ హరికేన్‌గా (బలాన్ని 1 నుంచి 5 దాకా కొలుస్తారు) గ్రెనడాకే చెందిన కరియాకూ దీవిని తొక్కేసింది. ఆ దీవిలో టిరెల్ బే వెనక ఉన్న మడ అడవి తుఫానుల నుంచి తలదాచుకునే చోటని పేరు. అక్కడ కట్టుకున్న పడవలు కూడా ధ్వంసమయ్యాయి. జులైలో ఇంకా టైమ్ ఉందిలే అని ఉత్తరాన తాత్సారం చేసేవాళ్ళకు ఆ ఏడాది గుర్తు చేస్తుంటాను. దక్షిణానికి పోతే ప్రమాదం తగ్గుతుంది, పోదు. అక్కడికి పోయాక కూడా ఒక ప్లాన్ ఉండాల్సిందే.

ఇప్పుడు లంగరు దగ్గరికి వద్దాం. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. 30 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) గాలిలో మీ లంగరు హాయిగా పట్టి ఉంచింది కదా, 120 నాట్లలో పడే బరువు దానికి పదహారు రెట్లు. అంత తట్టుకునే లంగరు, గొలుసు 38 అడుగుల పడవ మొన మీద మోసుకు తిరగడం సాధ్యం కాదు. 10 మిల్లీమీటర్ల గొలుసే మీటరుకు రెండు కిలోల పైన ఉంటుంది. ఒకవేళ మోసినా, ఉప్పెన మీ లెక్క మార్చేస్తుంది. ఉదాహరణకు 4 మీటర్ల లోతు, మొన ఎత్తు మీటరున్నర, మొత్తం అయిదున్నర. లంగరు నేలను పట్టి ఉండాలంటే గొలుసు ఆ ఎత్తుకు ఏడు రెట్లు ఉండాలని 38 మీటర్ల పైచిలుకు వదిలారు. నీళ్ళు 3 మీటర్లు లేస్తే అదే గొలుసు నాలుగున్నర రెట్లకు పడిపోతుంది. సరిగ్గా గాలి బలంగా ఉన్నప్పుడే లంగరు పైకి లాగినట్టవుతుంది.

పోనీ ఇవన్నీ మీరు సరిచూసుకున్నారే అనుకుందాం. పక్క పడవవాళ్ళు చూసుకోవాలిగా? 1995 సెప్టెంబర్‌లో లూయిస్ వచ్చినప్పుడు సెయింట్ మార్టిన్‌లోని సింప్సన్ బే లగూన్‌లో వందల పడవలు ఉన్నాయి. చుట్టూ నేల, లోపల నిశ్చలమైన నీళ్ళు, బొమ్మ గీసినట్టుండే తావు. తాడు తెగిన పడవ పక్కదాన్ని గుద్దింది, అది తెగి ఇంకోదాన్ని లాక్కుపోయింది. 2017లో ఇర్మా వచ్చినప్పుడు టోర్టోలాలోని పరాకీటా బేలోనూ పడవలు కుప్పపడ్డాయి. మంచి తావు అని అందరికీ తెలిసిన చోట అందరూ ఉంటారు. మీ పడవను ముంచేది తుఫాను కంటే ముందు ఆ గుంపే కావచ్చు.

మా రెండో ఏడు సంగతి చెప్తాను. మార్చిలోనే బోట్ యార్డులో చోటు రాయించుకోవాల్సింది, జులైలో ఫోన్ చేశాం. ఖాళీ లేదన్నారు. ఆగస్టు చివర ఒక తుఫాను మా వైపు వస్తోందని తెలిశాక కూడా ఒక రోజంతా తర్జనభర్జన పడ్డాం, ఉత్తరానికి తిరుగుతుందేమో అని. మడ అడవి కాలువ చేరేసరికి లోపలి చోట్లన్నీ నిండిపోయాయి. కాలువ నోటి దగ్గర, గాలి తగిలే చోట కట్టుకున్నాం. తుఫాను మాకు ఉత్తరంగా 90 మైళ్ళ దూరంలో పోయింది. మాకు తగిలింది దాని అంచు మాత్రమే: 50 నాట్ల గాలి, మధ్యమధ్య 65 దాకా. పడవలోనే ఉన్నాం. రాత్రి మూడింటికి మొన దగ్గర తాడు ఎలా ఉందో చూద్దామని నేను పాకుతూ వెళ్ళాను. వాన చినుకులు కంకరరాళ్ళలా కొట్టాయి, కళ్ళు తెరవలేకపోయాను. తాడు చేతికి తగిలింది, ఒరుసుకుపోతోందని తెలిసింది, కానీ దాని మీద ఉన్న బరువుకు అంగుళం కూడా కదపలేకపోయాను. వెనక్కి పాకి వచ్చేశాను. మా ఆవిడ ఆ అరగంట నా నడుముకు కట్టిన తాడు పట్టుకుని లోపల కూర్చుంది. తెల్లారాక చూస్తే 20 మిల్లీమీటర్ల నైలాన్ తాడు ముప్పాతిక వంతు తెగి ఉంది. ఆ రాత్రి మేం పడవలో ఉండి పడవకు చేసిన మేలు ఏమీ లేదు. ఇంకొక గంట గాలి వీస్తే పడవతోపాటు మేమూ పోయేవాళ్ళం. అది కూడా హరికేన్ కాదు, దాని అంచు. మనిషి చేయగలిగిందంతా గాలి 35 నాట్లు దాటకముందే చేయాలి. ఆ తర్వాత పడవ దాని తాళ్ళ మీద అది ఉంటుంది, మీరు ఒడ్డున గట్టి కట్టడంలో ఉండాలి.

ఆ తాడు గురించి ఇంకొంచెం చెప్పాలి. తుఫానులో పోయే పడవల్లో చాలావాటికి లంగరు జారదు, తాడు ఒరిపిడికి తెగుతుంది. నైలాన్ సాగుతుంది, కుదుపు పీల్చుకుంటుంది, అందుకే దాన్ని వాడతాం. కానీ పడవ అంచు దాటే చోట ఆ సాగడమే ముందుకీ వెనక్కీ రంపంలా కోస్తుంది. లోపలి పోగులు ఒకదానితో ఒకటి రాసుకుని వేడెక్కి కరుగుతాయి కూడా. అందుకని ఇప్పుడు మేం అంచు దాటే ఒకటి రెండు మీటర్లు సాగని పాలిస్టర్ తాడు పెట్టి, దాని అవతల నైలాన్ కలుపుతాం. తొడుగుగా పాత అగ్నిమాపక గొట్టం గుడ్డ వాడతాం, దానిలోకి నీళ్ళు పోయి తాడు చల్లబడుతుంది. తోటకు వాడే ప్లాస్టిక్ గొట్టం తొడిగితే వేడి లోపలే ఉండిపోతుంది. తొడుగు జారిపోకుండా రెండువైపులా తాడుకు కుట్టాలి. ప్రతి చోటా రెండు తాళ్ళు, రెండోది కాస్త వదులుగా. ఇదంతా మే నెలలోనే తయారుచేసి సంచిలో పెట్టుకోండి. గాలి మొదలయ్యాక కుట్టడానికి కూర్చోలేరు.

మరి పడవను ఎక్కడ పెట్టాలి? నా ఓటు ఒడ్డు మీదికే. కానీ స్టాండ్ల మీద ఊరికే నిలబెట్టిన పడవ ఐవాన్‌లో ఏమైందో చెప్పాను. కీల్‌ను (పడవ అడుగున ఉండే బరువైన రెక్కను) గోతిలో దింపి, నేలలో దిగేసిన లంగర్లకు వెడల్పు పట్టీలతో బిగించే యార్డు వెతకండి. ఫిజీలోని వుడా మరీనాలో ఇలాంటి గోతులు పేరుపడ్డాయి, కరీబియన్ యార్డుల్లోనూ ఆ పద్ధతి ఉంది. నేల ఎత్తు ఎంత, ఉప్పెన అక్కడిదాకా వస్తుందా అని యార్డువాళ్ళను తప్పక అడగండి. మాస్ట్ (తెరచాప స్తంభం) దించే వీలుంటే దించేయండి, పక్కవాడి మాస్ట్ మీ మీద పడే అవకాశం మాత్రం అప్పటికీ ఉంటుంది. తేలే జెట్టీ ఉన్న మరీనా అయితే దాని స్తంభాల ఎత్తు చూడండి. పొట్టి స్తంభాలైతే ఉప్పెనకు జెట్టీ మొత్తం వాటి పైనుంచి లేచిపోయి, కట్టిన పడవలతో సహా కొట్టుకుపోతుంది.

మడ అడవే గతి అయితే అందరికంటే రెండు రోజులు ముందు పోవాలి. కొన్నిచోట్ల మడ చెట్లకు కట్టడం మీద ఆంక్షలు ఉంటాయి, కట్టేముందు కనుక్కోండి. సాలెగూడులా అన్ని దిక్కులకూ తాళ్ళు వేయండి, ఎందుకంటే తుఫాను కన్ను మీ మీదుగా పోతే గాలి కాసేపు ఆగి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. ఇక తూర్పు నుంచే గాలి వస్తుందని పడమటి అఖాతాలను నమ్ముకునేవాళ్ళకు 1999 నవంబర్ నాటి లెన్నీ ఒక్కటి చాలు. అది పడమర నుంచి తూర్పుకు ప్రయాణించింది. ఏడాది పొడుగునా ప్రశాంతంగా ఉండే పడమటి రేవులే దెబ్బ తిన్నాయి.

ఎక్కడ కట్టినా పడవను బోడిగా చేయాలి. మొన వైపు చుట్టి ఉంచే తెరచాపను తప్పకుండా దించేయండి. దాన్ని ఎంత గట్టిగా చుట్టి కట్టినా గాలి ఎక్కడో ఒక మడత దొరకబుచ్చుకుని విప్పేస్తుంది. మేం కట్టుకున్న ఆ కాలువలో మా ముందున్న పడవది అలాగే విచ్చుకుంది, పావుగంటలో ఆ పడవ తాళ్ళు తెంపుకుంది. నీడ గుడ్డలు, వాటి గొట్టాలు, సోలార్ పలకలు, డెక్ మీద కట్టిన డబ్బాలు, అన్నీ లోపలికి. డింగీని (ఒడ్డుకు పోవడానికి వాడే చిన్న రబ్బరు పడవ) గాలి తీసి మడిచేయండి. డెక్ మీది నీళ్ళు పోయే రంధ్రాల్లో ఆకులు అడ్డుపడతాయి, జాలీలు బిగించండి. సోలార్ పలకలు తీసేశాక పడవ అడుగున చేరే నీళ్ళు తోడే బిల్జ్ పంప్‌కు బ్యాటరీలే దిక్కు, ముందు రోజే నిండా చార్జ్ చేయండి.

సముద్రంలోకి పారిపోవడం గురించి కూడా మీ ఇద్దరిలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మనం అయిదారు నాట్ల వేగంతో పోతాం, తుఫాను పది పదిహేను నాట్లతో కదులుతుంది. అది పుట్టకముందే, నాలుగైదు రోజులు చేతిలో ఉండగానే దక్షిణానికి బయల్దేరితే సరే. వెంట పడ్డాక పరుగెత్తి గెలవలేం. ఉత్తరార్ధగోళంలో తుఫాను దారికి కుడివైపు ప్రమాదకరం, దాని గాలికి దాని ప్రయాణ వేగం కూడా తోడవుతుంది. దక్షిణార్ధగోళంలో ఎడమవైపు.

వాతావరణ సూచన చదివే పద్ధతి అలవాటు చేసుకోండి. అమెరికా నేషనల్ హరికేన్ సెంటర్ ఆరు గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది, తీరానికి హెచ్చరిక పెట్టాక మధ్యలో మూడు గంటలకు కూడా. మ్యాప్‌లో గరాటులా గీసేది తుఫాను కేంద్రం ఎక్కడ ఉండొచ్చో చెప్పడానికే. తుఫాను ఎంత పెద్దదో అది చెప్పదు. మూడింట ఒక వంతు సార్లు కేంద్రం ఆ గరాటు దాటిపోతుంది కూడా. గీతకు బయట ఉన్నాం అని ఊపిరి పీల్చుకోకండి. నావికులకు పాత సూత్రం ఒకటుంది: 24 గంటల సూచనకు 100 మైళ్ళు, 48కి 200, 72కి 300 మైళ్ళ తప్పు ఉండొచ్చని లెక్క వేసుకుని, దానికి కేంద్రం నుంచి 34 నాట్ల గాలి ఎంత దూరం వీస్తుందో ఆ దూరం కలిపి ఆ ప్రాంతంలోకి పోకూడదని. ఇప్పటి సూచనలు మెరుగయ్యాయి గానీ మేం ఇంకా అదే పాటిస్తాం. దారి బాగా అంచనా వేస్తారు, బలం అంచనా వేయడం కష్టం. 2023 అక్టోబర్‌లో ఓటిస్ 24 గంటల్లో మామూలు తుఫాను నుంచి 5వ కేటగిరీ దాకా పెరిగి అకాపుల్కో మీద పడింది. కేటగిరీ చూసి నిర్ణయం తీసుకోవడం మానుకున్నాం. దూరం చూసి తీసుకుంటాం.

మా కాగితం మీద ఇలా రాసి ఉంటుంది: అయిదు రోజుల సూచనలో మా చోటు గరాటు అంచుకైనా తగిలితే తెరచాపలు దించడం మొదలు, యార్డుకు ఫోన్. తుఫాను రావడానికి 72 గంటల ముందే పడవ కట్టాల్సిన చోట కట్టేసి ఉండాలి. 36 గంటల ముందు మేం ఒడ్డున. ఆ రోజు ఎండ కాస్తుంటుంది, గాలి ఉండదు, ఇంత హడావిడి ఎందుకు అనిపిస్తుంది. అందుకే ముందు రాసుకుని ఇద్దరం సంతకం పెట్టుకున్నాం, ఆ పూట వాదించుకోకుండా.

పడవలో గాలి పీడనం కొలిచే బారోమీటర్ ఒకటి ఉంచి రోజూ రాసుకోండి. ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు గడియారంలా లేచి పడుతుంది, పది గంటలకు ఎక్కువ, నాలుగింటికి తక్కువ, పగలూ రాత్రీ. ఆ లయ తీసేశాక కూడా మామూలు కంటే 3 హెక్టాపాస్కల్స్ తగ్గితే అనుమానించాలి, 5 తగ్గితే దగ్గర్లో తుఫాను ఉందనడంలో సందేహం పెద్దగా ఉండదు. గాలి లేని రోజు దూరం నుంచి పొడవైన బరువైన అలలు వస్తుంటే అది కూడా గమనించండి.

ఇదంతా చదివి టెన్షన్ పడకండి. నిజానికి మీ ఆరు నెలల్లో నిద్ర చెడగొట్టేది హరికేన్ కాదు, రాత్రిపూట ఈదురుగాలులు. ఆఫ్రికా వైపు నుంచి మూడు నాలుగు రోజులకోసారి ఒక అల్పపీడన తరంగం దాటిపోతుంది, దానితో గాలివాన. మాకు ఒకసారి రాత్రి రెండింటికి పడమటి నుంచి 45 నాట్లు వచ్చింది. అప్పటిదాకా తూర్పు గాలికి వెనకంతా ఖాళీ సముద్రం ఉందని నిశ్చింతగా ఉన్నాం. పది నిమిషాల్లో పడవ తిరిగి, రాళ్ళు మా వెనక్కి వచ్చాయి. లంగరు పట్టింది కాబట్టి బయటపడ్డాం. అప్పటినుంచి ఏ దిక్కుకు తిరిగినా సరిపడా చోటు ఉందా అని చూసే లంగరు వేస్తాం. పడుకునేముందు ఇంజన్ తాళం దాని చోట, తలకు కట్టుకునే లైటు దాని చోట, జీపీఎస్ అలారం పెట్టి, డింగీ పైకెత్తి, డెక్ మీద వదులు వస్తువు లేకుండా చూస్తాం. ఉరుములు దగ్గరపడితే చేతిలో పట్టే జీపీఎస్, రేడియో, ఫోన్ ఓవెన్‌లో పెడతాం. ఆ ఇనప పెట్టె ఎంతవరకు కాపాడుతుందో హామీ ఇవ్వలేను, అయినా పెడతాం.

ఎండ, ఉక్క మామూలుగా ఉండవు. వాన వస్తే కిటికీలు మూయాలి, మూస్తే ఉడికిపోతాం. వాన పడుతున్నా తెరిచి ఉంచగలిగేలా కిటికీల మీదికి గుడ్డ పందిళ్ళు కుట్టించుకోండి, అంతకంటే విలువైన ఖర్చు లేదు. పరుపు కింద గాలి ఆడే జాలీ పెట్టండి, లేకపోతే రెండు వారాల్లో బూజు. వారానికోసారి అల్మారాలన్నీ తెరిచి వెనిగర్‌తో తుడవండి. దోమతెరలు పగలు కూడా వేయండి, డెంగీ దోమ కుట్టేది ఎక్కువగా పగలే. నిస్పృహ కూడా వస్తుంది. అక్టోబర్ వచ్చేసరికి ఇద్దరికీ చిన్నచిన్న మాటలకే కోపం. మేం ఏటా సెప్టెంబర్‌లో పదిరోజులు ఒడ్డున గది తీసుకుంటాం, పడవను యార్డులో పెట్టి. ఉధృతి ఎక్కువ ఉండే రోజులు కూడా అవే కాబట్టి రెండు పనులూ అవుతాయి.

ఇన్సూరెన్స్ కాగితాలు ఈ వారమే తీసి చదవండి. కొన్ని పాలసీలు ఫలానా తేదీలోపు ఫలానా అక్షాంశానికి దక్షిణంగా పోవాలంటాయి, కొన్ని పేరు పెట్టిన తుఫానుకు నష్టపరిహారమే ఇవ్వవు, కొన్ని రాతపూర్వకమైన తుఫాను ప్లాన్ అడుగుతాయి. అది చూడకుండా ఎక్కడ ఉండాలో తేల్చుకోకండి.

ఒడ్డుకు పోయేటప్పుడు పట్టుకెళ్ళే సంచి: పాస్‌పోర్టులు, పడవ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, మూడు రోజుల మందులు, నీళ్ళు, నగదు, పడవ లోపలా బయటా తీసిన ఫోటోలు. తిరిగి వచ్చాక పడవ ఎక్కేముందు గ్యాస్ వాసన చూడండి, బ్యాటరీలు నీళ్ళలో మునిగాయేమో చూడండి, అప్పటిదాకా ఏ స్విచ్చీ వేయకండి.

మీ పడవ నీటి కింద ఎంత లోతుకు ఉంటుంది, మాస్ట్ దించే వీలుందా, పాలసీలో అక్షాంశం షరతు ఏమిటి, ఈ మూడూ రాయండి. దాన్నిబట్టి ట్రినిడాడా, కురసావా, రియో దుల్సేనా అని చెప్పగలను. రియో దుల్సే నోటి దగ్గర ఇసుక మేట ఉంటుంది, అందుకే లోతు అడిగాను. ఈలోపు యార్డులకు ఫోన్ చేయడం మాత్రం రేపే మొదలుపెట్టండి.